రెండు కిలోల కనికరం

మరాఠీ నేల మీది దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో పొద్దున ఆరున్నరకు లస్మవ్వ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుందంటే ఇంట్లో కుక్కర్ కూడా కూయకూడదు. చర్చి వాట్సాప్ గ్రూపులో రోజూ దేవుని మాట చెప్పే పని ఆమెది. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది. లస్మవ్వకు చదువు రాదు. గ్రూపులో ఉన్న పిల్లలకు మరాఠీ చదవడం వచ్చు గానీ తెలుగు అక్షరాలు రావు. కాబట్టి అంతా గొంతు మీదే నడుస్తుంది. ఆదివారం పాస్టరుగారు చెప్పినదాన్ని ఆరు రోజులు నెమరేసి, వంటింటి సామానంతా అందులో కలిపి, రెండు నిమిషాలు వదులుతుంది.

"అందరికి వందనాలు. ఇయ్యాల్టి మాట. కోపం అనేది పాలగిన్నె లెక్క. నువ్వు ముందట నిలవడితే పొంగది. గిట్ల మొకం తిప్పినవా, పొయ్యంత ఆగమే."

వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. ఎనభై మందిలో ఎంతమంది విన్నారో దేవుడికే ఎరుక. చివరిదాకా విని ఎదురు చెప్పే మనిషి మాత్రం ఒక్కతే ఉండేది. పక్క క్వార్టరు అనసూయ.

"లస్మక్కా, తప్పు చెప్పినవ్. నిలవడి సూస్తే పాలు ఆగుతయా? మంట తగ్గియ్యాలె."

లస్మవ్వ పైకి రుసరుసలాడేది గానీ, ఆ తిరుగు మాట వచ్చేదాకా టీ కప్పు ముట్టుకునేది కాదు.

రెండేళ్ళ కింద అది ఆగిపోయింది. భక్తి గురించి చెబుతూ లస్మవ్వ ఒక పొద్దున నోరు జారింది. "కొందరు ఉపవాస కూటంల మోకాళ్ళ మీదనే గురక వెడ్తరు. పాస్టరు ఆమెన్ అంటే రైల్ల లేచినట్టు ఉలిక్కిపడి, బల్లార్షా టేషన్ వచ్చిందా అంటరు." పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, ఆ బల్లార్షా కేక చర్చి అంతా విన్నదే. గ్రూపు నిండా నవ్వుల బొమ్మలు. సాయంత్రానికి అనసూయ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. మాటలూ బందయ్యాయి. ఆ తర్వాత కూడా లస్మవ్వ ప్రేమ, క్షమ, సహనం అంటూ ఎనభై మందికి చెబుతూనే ఉంది. ఒక్క ఇటుక గోడ అవతలికి "తప్పయింది చెల్లె" అని మాత్రం చెప్పలేకపోయింది. రోజూ రేపనుకునేది.

ఈ మధ్యనే కొడుకు గోపాల్ పెళ్ళి చేసుకున్నాడు. కోడలు వైశాలి మరాఠీ పిల్ల. ఆమె తెలుగు వయసు ఆరు నెలలు. భాష పట్టుబడాలని అత్త మాటను రోజూ రెండేసి సార్లు వింటుంది.

మొన్న శనివారం మాట కనికరం మీద. "మీ పక్కింటోళ్ళకు కనికరం చూపియ్యుండ్రి. నోటితోని కాదు, చేతులతోని." పక్కింటోళ్ళు అనగానే లస్మవ్వ కళ్ళు ఆ ఇటుక గోడ మీదికి పోయాయి. దగ్గు వచ్చింది. కనికరంలో సగం దగ్గులో పోయింది.

మరాఠీలో కణీక్ అంటే పిసికిన గోధుమపిండి. వైశాలి రెండుసార్లూ అదే విన్నది. చేతులతో అని కూడా అంది కదా. చర్చిలో రొట్టె ఉంది, ఇదీ ఆచారమే అయి ఉంటుంది. పక్కింటితో మాటల్లేవని తెలుసు గనుక అత్త మీద గౌరవం కూడా పెరిగింది. రెండు కిలోలు పిసికింది. చూపించి తేవాలో, ఇచ్చి రావాలో కాసేపు తేలలేదు. చూపించి వెనక్కి తెచ్చుకుంటే బాగుండదని ఇచ్చే వచ్చింది.

లస్మవ్వ కూరగాయలు తెచ్చి సంచి దించే సరికి గుమ్మంలో బేసిను పట్టుకుని అనసూయ.

"ఏందక్కా గిది?"

రెండేళ్ళకు వినపడిన మొదటి మాట. లస్మవ్వకు ఏం తోచక కనపడిందే చెప్పింది. "పిండి."

"పిండే. పిసికి పంపినవ్. ఇగ రొట్టెలు నేను కాల్చియ్యాల్నా? నీ ఇంట్ల పెనం లేదా? లేకుంటే గిది గూడ రేపు గ్రూపుల చెప్పెటందుకా?"

వైశాలి లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. "ఆయీ, మీరే చెప్పిండ్రు కదా సకాళీ, పొద్దుగాల? పక్కింటోళ్ళకు కణీక్ చూపియ్యుండ్రి అని?"

లస్మవ్వకు విషయం అర్థమై నవ్వు ఎగదన్నింది, అంతలోనే ఎండిపోయింది. "అవ్ చెల్లె, నేనే పంపిన" అంటే చాలు. గొడవా పోతుంది, మంచిపేరూ మిగులుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కోడలు ఎంత నమ్మకంగా చూస్తోందంటే, అది బయటికి రాలేకపోయింది.

"నేను పంపలే. గంత బుద్ధే ఉంటే ఎప్పుడో నీ ఇంటికొచ్చేదాన్ని. కనికరం అంటే పిల్ల కణీక్ అనుకున్నది."

అనసూయ బేసిను అక్కడే పెట్టేసి వెనక్కి తిరిగింది.

"ఆగు చెల్లె. మూడు దినాలు మీ ఆయన పక్కన దవాఖానల కూసోని, అటునుంచి అటే కూటానికొచ్చినవ్. నాకు ఎరికే. ఎరికుండి నలుగురు నవ్వాల్నని చెప్పిన. తప్పయింది."

అనసూయ ఆగి ఇటు తిరిగింది. "నాకొక్కదానికి చెప్తే ఏమొస్తది? నవ్వింది ఎనభై మంది."

లస్మవ్వ ఫోన్ తీసింది. "అందరికి వందనాలు. ఇయ్యాల రెండో మాట. మూడు దినాలు నిద్రలేని మనిషిని నేను ఎక్కిరించిన. అనసూయ విషయంల పాపం చేసిన. గప్పుడు నవ్వినోళ్ళు గూడ ఒప్పుకోండ్రి..."

"గా ఆఖరుది తీసెయ్," అంది అనసూయ. "నీ తప్పు నువ్వు చెప్పుమంటే అందరికి బోధ చేస్తున్నవ్."

లస్మవ్వ అది చెరిపేసి మళ్ళీ చెప్పింది. తొమ్మిది సెకన్లు. ఇంత చిన్న మాట ఆమె నోటినుంచి ఎన్నడూ రాలేదు.

"ఆయీ," అంది వైశాలి మెల్లగా, "కనికరం అంటే కాయ్, ఏంది?"

లస్మవ్వ గొంతు సవరించుకుంది. రెండు నిమిషాలకు సరిపడా ఊపిరి పీల్చింది.

"నువ్వు పెనం ఎక్కియ్యి బిడ్డా," అంటూ అనసూయ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. "ఈమె చెప్పుడు అయ్యేసరికి పిండి ఎండుతది."