మెత్తటి పచ్చిక, కొంచెం చెమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఏదైనా అడిగితే ముందు తల గోక్కుంటాను కానీ, ఇరవై ఆరేళ్ళ వయసులో ప్రశ్న పూర్తికాకముందే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. డునెడిన్‌లో చదువు ముగించి ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో చేరిన కొత్త. (బాగుచేయడమంటే ఆపేసి మళ్ళీ ఆన్ చేయడం. దానికే ఇక్కడి వాళ్ళు, అంటే కివీలు, చెయ్యి పట్టుకుని ఊపి మరీ థాంక్స్ చెప్పేవారు. నా ధైర్యానికి కొంత బాధ్యత వాళ్ళది కూడా.) అదే ఊళ్ళో హాస్పిటల్లో నర్సుగా పనిచేసే ఒక కరీంనగర్ అమ్మాయి, నేను పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. మా అమ్మానాన్నలు ఫోన్లోనే సరేనన్నారు. మిగిలింది ఆ అమ్మాయి అన్నయ్య. ఇదే దేశంలో ఉత్తరాన లోవర్ హట్‌లో ఉండేవాడు, వాళ్ళింట్లో ఆయన మాటే చివరి మాట. ఆ పెద్దన్న నాకు మొదటిసారి ఫోన్ చేసి జీతం అడగలేదు, వీసా అడగలేదు.

“చేపలు పడ్తవా తమ్మీ?” అన్నాడు.

“గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి అన్నా, అదేం ప్రశ్న?” అన్నాను.

నేను పుట్టింది కాకినాడలో. గోదావరిని చూసింది రైలు కిటికీలోంచి, అదీ వంతెన మీద చప్పుడుకి మెలకువ వచ్చినప్పుడు మాత్రమే.

“అయితే మంచిగైంది. మీ దిక్కు టయెరి నదిల ట్రౌట్ చేప బాగుంటదంట. జాగ నువ్వే చూడు. నేనొస్త, రెండు దినాలు డేరా ఏసుకొని ఉందాం” అన్నాడు పెద్దన్న.

సంగతి చెప్పగానే ఆ అమ్మాయి నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. “అట్లెందుకు చెప్పినవ్? నీకు ఈతన్న రాదు గదా!”

“చేపలు పట్టేవాడికి ఈతెందుకు? అది చేపలకి రావాలి” అన్నాను. ఆమె నవ్వలేదు.

ఆ వారాంతం నా ఫ్లాట్‌మేట్‌తో కలిసి చోటు వెతకడానికి బయలుదేరాను. మా అందరిలో కారున్నది వాడొక్కడికే కాబట్టి వాణ్ణి ‘ఓనరు’ అనేవాళ్ళం. మొదట దొరికిన చోటు విల్లో చెట్ల నీడలో, ఆకు కూడా కదలకుండా, పెళ్ళి ఫొటోకి తీర్చిదిద్దినట్టుంది. కారు దిగిన కాసేపటికే గాలి లేని చోటుని ఎవరు ఇష్టపడతారో తెలిసింది. శాండ్‌ఫ్లైలు! ఆవగింజంత పురుగులు, కానీ కుడితే వారం రోజులు గోక్కోవాల్సిందే. ఓనరు తన మెడ మీద చరుచుకుంటూ, మధ్యమధ్యలో నా మెడ మీద కూడా (కాస్త గట్టిగానే) చరుస్తూ, “ఒరే, నీకీ పెళ్ళి తప్పిపోవాలనుంటే ఆయన్ని ఇక్కడికే తీసుకురా” అన్నాడు. రెండో చోట పురుగుల్లేవు, ఎందుకంటే అక్కడి గాలికి ఏదీ నిలబడదు. వాడి టోపీ అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది.

మూడోది చూడగానే నా కడుపు నిండిపోయింది. నది వంపు తిరిగే దగ్గర, నీళ్ళకి జానెడు ఎత్తులో, తివాచీ పరిచినట్టు మెత్తటి పచ్చిక. దాని వెనకాల గొర్రెల కంచె. కంచె తీగల నిండా నా భుజమెత్తు దాకా ఎండుగడ్డి, పుల్లలు వేలాడుతున్నాయి. “పిట్టలు గూళ్ళు కడుతున్నాయిరా, పిట్టలున్నచోట చేపలుంటాయి” అని ఓనరుకి పాఠం చెప్పాను. ఆ పొలం రైతు, ఎర్రటి ముఖం ముసలాయన, నాలుగు చక్రాల బైకు మీద వచ్చి మా మాట విన్నాడు. పచ్చికని చూశాడు, దూరంగా కొండల్ని చూశాడు, నన్ను చూశాడు. “పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కొంచెం చెమ్మగా ఉండొచ్చేమో” అని ఇంగ్లీషులో మెల్లగా గొణిగి వెళ్ళిపోయాడు. చెమ్మకేముంది, కింద ప్లాస్టిక్ షీటు వేస్తాం అనుకున్నాను. (ఈ దేశపు రైతు ‘కొంచెం’ అంటే ఎంతో తెలుసుకోవడానికి నాకు ఇంకో వారం పట్టింది.)

పెద్దన్న వచ్చాడు. నేను ఊహించిన పహిల్వాను కాదు, సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. కంచె దగ్గర ఆగి, ఆ ఎండుగడ్డిని వేళ్ళతో తీసి చూసి, “మంచిగ చూసినవ్ జాగ” అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఓనరు ఎవరినో అడిగి తెచ్చిన డేరాని పచ్చిక నడిమధ్యన వేశాం. పెద్దన్న మాత్రం నడుం నొప్పి అని చెప్పి, తన అద్దె కారుని గట్టు మీదే ఉంచుకున్నాడు. రాత్రికి అందులోనే పడుకుంటాడట.

తర్వాత చేపల వేట. చేపలు పట్టే లైసెన్సు అయితే తీసుకున్నాను గానీ, గాలం ఎలా విసరాలో వీడియోల్లో చూసిందే. మొదటి విసురుకి పచ్చిక తగులుకుంది. రెండోసారి బలంగా విసిరితే దారం బరువెక్కింది. “పడింది!” అని అరిచి వెనక్కి తిరిగితే, కొక్కేనికి పెద్దన్న టోపీ ఉంది. ఆయన దాన్ని నెమ్మదిగా విడదీసుకుని, మళ్ళీ నెత్తిన పెట్టుకుని, “గోదావర్ల గిట్లనే పడ్తరా?” అని అడిగాడు. “ప్రాంతాన్ని బట్టి అన్నా” అన్నాను.

సాయంత్రానికి ఆయన ఒక ట్రౌట్ పట్టాడు. దాన్ని శుభ్రం చేయడానికి గట్టు మీదికి వెళ్ళాడు. ఓనరు ఉల్లిపాయలు తరుగుతున్నాడు, నేను స్టవ్ వెలిగిస్తున్నాను. మా నెత్తిమీద ఆకాశం తేటగానే ఉంది కానీ, ఎగువన కొండల మీద మాత్రం నల్లగా ఉంది. “ఎక్కడో వాన పడుతున్నట్టుంది, పాపం” అన్నాను. అంటుండగానే స్టవ్ బుస్సుమని ఆరిపోయింది. కిందకి చూస్తే చెప్పుల్లోకి నీళ్ళొచ్చాయి. ఓనరు ఉల్లిపాయల పళ్ళెం నెత్తిన పెట్టుకుని గట్టుకేసి పరిగెత్తాడు. నేను పరిగెత్తబోయి ఆగాను. డేరాలో పెద్దన్న గాలం సంచి ఉంది! ఏళ్ళుగా ఆయన ప్రాణంలా చూసుకునే గాలం. అది పోతే పెళ్ళి కూడా దాంతోపాటే పసిఫిక్ సముద్రంలో కలుస్తుందనిపించింది.

మోకాలు లోతు నీళ్ళలో వెనక్కి వెళ్ళాను. డేరా అప్పటికే ఒక పక్క తేలుతోంది. లోపలికి చెయ్యి పెట్టి పొడుగాటి గుడ్డసంచి ఒకటి దొరకబుచ్చుకుని లాగుతుండగా కాలు జారింది. చల్లదనానికి ఊపిరి ఆగిపోయింది. “ఏయ్! విడ్వు! అది విడ్శిపెట్టు!” అని అరుస్తూ పెద్దన్న గట్టు దిగి వచ్చి నా కాలరు పట్టుకుని బయటికి ఈడ్చాడు. మా వెనకాల డేరా, పెళ్ళికొడుకు ఊరేగింపులా, నిదానంగా వంపు తిరిగి కనుమరుగైంది.

పళ్ళు టకటకలాడుతుండగా సంచి ఆయనకి అందించాను. “మీ గాలం... అన్నా...”

ఆయన తెరిచి చూశాడు. అందులో డేరాకి మిగిలిపోయిన మేకులున్నాయి.

“నా గాలం కార్ల ఉంది. గడ్డి కంచెకు యాడిదాంక పట్టిందో పొద్దుగాలనే చూసిన. వరదొస్తే ఆడిదాంక నీళ్ళొస్తయని తెల్వదా నీకు? కొండల మీద వాన రేపని ఫోన్ల చూపెడ్తే ఊకున్న. చీకటిపడంగనే పైకి జరుగుదమని చెప్దామనుకున్న.” గొంతు పెంచి తిట్టాడు. “గాలం పోతే ఇంకోటి కొంట. నువ్వు పోతే మా చెల్లెకేం జెప్పాలె నేను?”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. చలి వల్లనేనని అప్పట్లో అందరికీ చెప్పుకున్నాను. అక్కడే తడిబట్టల్లో గోదావరి సంగతి బయటపెట్టేశాను.

“తెలుసు. నువ్వు ఫోన్ పెట్టంగనే చెల్లె చేసింది. ఎన్ని దినాలు నడిపిస్తవో చూద్దామని వచ్చిన” అన్నాడు పెద్దన్న, తన కోటు తీసి నా భుజాల మీద కప్పుతూ. “అబద్ధమాడుడు నీకు చాత కాదు. గది చాలు.” ఆ ట్రౌట్‌ని కారు పక్కన, పెద్దన్న తెచ్చుకున్న ఇంకో స్టవ్ మీద వేయించి, అరచేతుల్లో పెట్టుకుని ముగ్గురం తిన్నాం. ఓనరు కాపాడిన ఉల్లిపాయలు బాగా పనికొచ్చాయి.

ఆ పెళ్ళి జరిగింది. ఇప్పుడు ఈ దేశంలోనే హాబ్సన్‌విల్‌లో ఉంటున్నాం. కొత్తగా చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి భోజనానికొచ్చి, “అంకుల్, క్యాంపింగ్‌కి నది పక్కన ఏ చోటు బావుంటుంది?” అని అడుగుతారు. ఆ అంకుల్ అన్న మాట దగ్గర కొంచెం కలుక్కుమంటుంది. అయినా తెలిసిందంతా ఓపిగ్గా చెబుతాను. వాళ్ళు తలలూపుతారు, కానీ కళ్ళు చూస్తే తెలిసిపోతుంది, ఒక్క ముక్క కూడా లోపలికి వెళ్ళడం లేదని. వాళ్ళకి అన్నీ ముందే తెలుసు. నాకు కోపం రాదు. ఇంకొంచెం పప్పు వేస్తాను. వాళ్ళ కారు వీధి చివర మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, ఎందుకో గానీ, వాళ్ళతోపాటు వెనక సీట్లో నాకూ ఒక చోటుంటే బావుండుననుకుంటాను.