చూపించలేకపోయిన వెలుగు

నల్గొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేటప్పుడు, ఇంట్లో చూసేవాళ్లు లేక పది నెలల పాపను ల్యాబుకు తీసుకెళ్లేదాన్ని. నేను చేసిన కాడ్మియం సల్ఫైడ్ సూక్ష్మరేణువులు అతినీలలోహిత దీపం కింద మిణుకుమనేవి, అంతే. రేణువుల పైపొరను సరిచేస్తే వెలుగు పెరుగుతుందని చదివి, ఒక రోజు కాస్త క్షారం కలిపాను. చీకటిగదిలో దీపం వేయగానే సీసా మొత్తం పచ్చగా వెలిగిపోయింది! పాప కేరింతలు కొడుతూ సీసాను లాక్కుని నోట్లో పెట్టుకోబోయింది. అది విషం. చేతిమీద ఒక్కటి కొట్టాను. సీసా కిందపడి పగిలింది. ఏడుపు విని మా గైడు సారు వచ్చారు.

"సార్, ఇప్పుడే మస్తు వెలిగింది!"

"ఏదమ్మా, జర చూపియ్యి. గిది ల్యాబా, బాలవాడీయా?"

మళ్లీ కాడ్మియం ఇవ్వలేదు. రికార్డులో 'ఫలితం లేదు' అని నాచేతే రాయించారు.

ఆ వెలుగును చూసింది మేమిద్దరమే. ఒకరికి మాటలు రావు, ఇంకొకరి మాట ఎవరూ నమ్మలేదు.