మా అమ్మ అన్న ‘ఏటే’

నా చిన్నప్పుడు నాలుగు రోజులు మూగదాన్నయ్యాను. ఇప్పటి నా నోరు తెలిసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. మా ఆయనైతే ఆ నాలుగు రోజులూ మళ్ళీ ఎప్పుడొస్తాయని అడుగుతుంటాడు.

మేము శ్రీకాకుళం వైపు నుంచి నగరంలోని మెట్టుగూడకు అప్పుడే వచ్చాం. మా సందులో పిల్లలు సాయంత్రాలు ఖోఖో ఆడేవారు. జట్టులో ఎవరుండాలో చివరింటి పిల్ల చెప్పేది. మొదటిరోజే నేను ‘ఏమిటి’ అనడానికి మా వైపు మాటలో ‘ఏటి?’ అన్నాను. అంతే, నా పేరు పోయి ‘ఏటి’ మిగిలింది. మంచిగ మాట్లాడుడు నేర్చుకున్నంకనే ఆటకు రమ్మని ఆమె తీర్పు చెప్పేసింది. మళ్ళీ తప్పు మాట ఎక్కడ జారుతుందోనని నేను ఇంట్లో కూడా నోరు మూసుకున్నాను. మా అమ్మ దిష్టి తీసింది, కషాయం పోసింది. ఆ చేదుకి కూడా అరవలేదంటే నా పంతం ఎలాంటిదో చూసుకోండి.

అయిదో రోజు పక్కింటి అక్క నన్ను పట్టుకుంది. వాళ్ళది తమిళం మాట్లాడే ఇల్లు, ఆమె కాలేజీలో చదివేది. నా చేత సంగతంతా కక్కించి, పిల్లలందరినీ పోగేసి పందెం కాసింది. ఒక్కొక్కరూ తమ గుమ్మం ముందు నిలబడి ‘అమ్మా’ అని అరవాలి. జవాబులన్నీ ఒకేలా మొదలైతే జట్టులో నాకు చోటివ్వాలి. ఒక్కటి తేడాగా మొదలైనా నేనిక ఆట ఊసెత్తకూడదు.

అది వంటల వేళ. చివరింటి పిల్ల అరిస్తే పొయ్యి దగ్గర నుంచి విసుగ్గా ‘ఏందే?’ వచ్చింది. అక్క అరిస్తే వాళ్ళింట్లోంచి ‘ఎన్నడి?’ వచ్చింది. ఎదురింటి కన్నడ పిల్లకు ‘ఏనే?’ దక్కింది. ఇక నా వంతు. నాలుగు రోజుల తుప్పంతా వదిలేలా అరిచాను.

లోపల గిన్నె కింద పడింది. మా అమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, ఏడుస్తూ నవ్వుతూ ‘ఏటే?’ అంది.

అక్క వాళ్ళ ‘ఎ’ పొట్టిదని చివరింటి పిల్ల పేచీ పెట్టబోయింది.

“నువ్వు సుత పొట్టిగనే ఉన్నవ్, మీ ఇంటి పిల్లవి కాకపోతివా?” అంది అక్క. “అన్నిటికీ మొదలొక్కటే, తోకలే వేరు. ఈమెది తప్పయితే మీ అమ్మది సుత తప్పే. పో, జెర ఆమెకు చెప్పి రా.”

చెప్పడానికి ఎవరికి ధైర్యముంటుంది? ఆ సాయంత్రం నేనన్న ‘ఖో’ రైలు పట్టాల దాకా వినబడే ఉంటుంది.

ఏడో తరగతితో బడి మానేసి, ఇప్పుడు మల్కాజ్‌గిరిలో బట్టలు కుడుతున్నాను. కొలత కుదరకపోతే నన్ను నాలుగు భాషల్లో నిలదీసేవాళ్ళున్నారు. అన్నీ నాకు మా సందు గుమ్మాల్లాగే వినబడతాయి. మొన్న మా వైపు నుంచి కొత్తగా వచ్చిన ఓ చిన్నపిల్ల గౌను కొలతలిస్తూ ‘ఏటి’ అనబోయి, వాళ్ళమ్మ వైపు చూసి నాలుక కరుచుకుని, ‘ఏంటి’ అంది. నేను టేపు మెడలో వేసుకుని, దుకాణం అదిరేలా ‘ఏటే?’ అన్నాను. ఆ పిల్ల నవ్విన నవ్వుకి గౌను నడుము కొలత ఒక అంగుళం పెంచాల్సొచ్చింది.