నాపరాయి గరుకు పక్క

2023వ సంవత్సరం మే నెల పదకొండవ తేదీ, గురువారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. కోడుమూరుకు రెండు క్రోసుల దూరంలోని ఒక పల్లె చర్చి. ఆకాశంలో మేఘపు తునక లేదు. గాలి కదలడం లేదు. గుమ్మం ముందరి బండపై చెప్పులు లేకుండా నిలువరాని ఎండ. పెండ్లికి వచ్చిన నేను మహిమను మొదటిసారి చూచినది అప్పుడే. ఇరువది నాలుగేండ్ల ఆ యువతి మెడలో కెమెరా వేసుకొని, పెండ్లికూతురు నిలువవలసిన చోట అరచేయంత నాపరాయి పలకను ఎత్తి పట్టి, దానికి గురి చూచుచున్నది.

పెండ్లికూతురు రత్నమణి మంచి నలుపు. నిశ్చితార్థం నాడు వేరొక ఫొటోగ్రాఫరు కెమెరాను ఆటోమేటిక్‌లో ఉంచి తీయగా, తెల్లచీర బూడిదరంగుకు దిగి, ముఖం బొగ్గయినది. అతడు దానిని కంప్యూటరులో తెలుపు చేసి ఇచ్చినాడు. ఆ ఆల్బము చూచి అవ్వ విశ్వాసమ్మ, "ఈ పాప ఎవురు మే? మన మణి యాడ నిలబడుకోనుండాది?" అని అడిగినదట. రత్నమణి ఆల్బమును బీరువా అడుగున పడవేసి, తనతో బడిలో చదివిన మహిమను పిలిచి, "నా మొగం నా మొగం మాదిరే రావల్ల. తెల్లగా వద్దు, బొగ్గూ వద్దు" అని ఒక్కటే కోరినది. మహిమ ఒంటరిగా ఒప్పుకొన్న మొదటి పెండ్లి అది.

ఎదుట ఏది ఉన్నా అది బూడిదరంగుదేనని కెమెరా భావిస్తుందని ఆమె నాకు తరువాత వివరించినది. తెల్లచీర, సున్నపు గోడ, వెనుక కిటికీ కనబడగానే వెలుగు మించినదనుకొని తగ్గించివేస్తుంది, నష్టపోయేది ముఖం. కనుక మాన్యువల్‌లో పెట్టి, ముఖంపై పడే వెలుగులోనే ఒక బూడిదరంగు వస్తువును కెమెరాకు చూపవలెను. లెన్సు ఎంత తెరవవలెనో, షట్టరు ఎంతసేపు తెరచి ఉండవలెనో దానిని బట్టి నిర్ణయించుకొన్న పిమ్మట, కెమెరా ఎంత వద్దన్నా మార్చరాదు. ఆ వస్తువే ఈ నాపరాయి. మహిమ తండ్రి లేవి ముప్పది ఏండ్లుగా బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే పనివాడు. కుమార్తె కొరకు పలకను ఒక పక్క అద్దంవలె నునుపు చేసి ఇచ్చినాడు.

పెండ్లికూతురు వచ్చి నిలిచినది. కీర్తన మొదలైనది. మహిమ మొదటి ఫొటో తీసి కెమెరా తెర చూచుకొన్నది. మళ్లీ బొగ్గే. కీర్తనకు మూడు చరణాలు. అవి ముగియగానే ప్రమాణాలు, ఆ వెంటనే తాళి.

ముందు వరుస నుండి విశ్వాసమ్మ, "ఏమైందిమ్మా, మా మణి కనపడల్యా పెట్టెలో?" అన్నది.

మహిమ పలకను మరల ఎత్తి చూడగా, నునుపు రాతిలో పక్క కిటికీ తెల్లగా మెరయుచున్నది. కెమెరా కొలిచినది రాతిని కాదు, కిటికీ వెలుగును. ఆమె పలకను త్రిప్పి గరుకు పక్కను ముందుకు తెచ్చినది.

"ఆ పక్క తిప్పద్దు పాపా, శానా గలీజుగా ఉండాది," అని, కుమార్తెకు తోడుగా వచ్చిన లేవి గుసగుసలాడినాడు. "నలుగుర్లో నా పని నగుబాటు చేస్తావా?"

"నీ నునుపులో కిటికీ కనపడతాండాది నాయనా. నాకు రాయి కావల్ల."

"ముప్పై ఏండ్లు అరగదీసింది ఇందుకేనా మరి!"

పక్కవారు నవ్వు ఆపుకొన్నారు. మహిమ షట్టరును సెకనులో అయిదు వందలవ వంతు నుండి నూట ఇరువదైదవ వంతునకు మార్చినది. వెలుగు ఎక్కువైనదని కెమెరా సూచి చూపుచునే ఉన్నది. ఆమె దానిని లక్ష్యపెట్టలేదు. తాళి కట్టునప్పుడు అదే లెక్కతో పదకొండు ఫొటోలు తీసినది.

ప్రార్థన ముగిసిన పిమ్మట కెమెరా తెరను విశ్వాసమ్మ ముందర పట్టినది. అవ్వ కండ్లు చికిలించి చూచి, "ఇది మా మణే. గడ్డం మింద గాటు చూడు, చిన్నప్పుడు మంచం మింద నుంచి పడింది. చెమట గూడ తుడుచుకోల్యా మొద్దు!" అన్నది. రత్నమణి పూలగుత్తి మరచి తెరమీదికి వంగినది.

రత్నమణి ఇప్పుడు ఎమ్మిగనూరులో కాపురమున్నది. తాళి ఫొటో ఆమె ఇంటి ముందరి గదిలో ఉన్నది. విశ్వాసమ్మ 2024 నవంబరులో కాలం చేసినది. మహిమ ఆ మరుసటి సంవత్సరం కోడుమూరులో స్టూడియో తెరచినది. లేవి ఇంకను అదే పనిలో ఉన్నాడు. కుమార్తెకు మరొక పలక కోసి ఇచ్చినాడు. రెండు పక్కలా గరుకుగానే ఉంచి, చేతికి గుచ్చుకొనకుండా అంచులు మాత్రం నునుపు చేసినాడు.