పక్క పోర్షన్ వంటగది

పక్క పోర్షన్‌లోకి ఎవరు దిగినా నాకు పట్టేది కాదు. మిర్యాలగూడలో మేముంటున్న ఇంటికి ముందు ఒక పోర్షన్, వెనక ఒక పోర్షన్. వెనకది మాది. ముందు పోర్షన్‌లో ఎందరో దిగారు, ఎందరో ఖాళీ చేశారు. వాళ్ళ మంచాలు, బీరువాలు, పెద్ద టీవీలు చూసి నేనేనాడూ కళ్ళల్లో నిప్పులు పోసుకోలేదు. కానీ ఒకామె వంటగది చూసి మాత్రం నా కడుపు మండిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. దాచుకోవడమెందుకు?

ముందు మా వంటగది సంగతి చెప్పాలి. మా వీధికి కాస్త అవతల రైసుమిల్లు ఉంది. బాయిలర్లో ఊక కాలిస్తే ఆ బూడిద గాలికి లేచి మా వైపే వస్తుంది. ఆరేసిన బట్టల మీద, నీళ్ళ బకెట్లలో, పిల్లల నెత్తి మీద నల్లటి నుసి. అద్దెకుండే వాళ్ళ అన్నంలో ఆ నుసి పడొద్దని మా ఓనర్ వంటగది కిటికీ రెక్కలు పీకించి మొత్తం అద్దం బిగించాడు. పైన ఉన్న చిన్న వెంటిలేటర్‌ని సిమెంటుతో పూడ్పించాడు. సిలిండర్ కనిపిస్తే బాగుండదని గట్టు కింద చెక్క తలుపుల అలమార చేయించి అందులో పెట్టించాడు. గట్టు బండకు రంధ్రం కొట్టించి, రబ్బరు పైపును అందులోంచి పొయ్యికి తెచ్చాడు. ఆ రంధ్రం అంచులు గరుకుగా ఉండేవి. పొయ్యి ఏమాత్రం జరిగినా పైపు ఆ అంచుకు రాసుకునేది. కొత్త పైపు వేసినా కొన్నాళ్ళకే అదే చోట గీత పడేది.

ఇల్లు చూపించిన రోజు ఓనర్ "ఒక్క నలుసు లోపటికి రాదు బిడ్డా" అని ఎంతో గొప్పగా చెప్పాడు. నిజమే, నలుసు రాదు. లోపలిది ఏదీ బయటికీ పోదు.

నా భయమంతా అత్తమ్మ గురించి. కరోనా వచ్చి పోయాక ఆమెకు వాసన తిరిగి రాలేదు. పోపు మాడినా తెలియదు, పాలు విరిగినా కళ్ళతో చూస్తే తప్ప తెలియదు. మా ఆయన వాడపల్లి సిమెంటు లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. నేను పొద్దున్నే వెళ్ళి ఊరి చివర ఇంకో మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పగలంతా ఆ మూసేసిన గదిలో అత్తమ్మ, ఆ పైపు, ఆ సిలిండర్. ఎన్నిసార్లు బిల్లు కొడుతూ ఆగిపోయి ఆ గరుకు రంధ్రం గురించి ఆలోచించానో లెక్కలేదు.

"అత్తమ్మా, నేనొచ్చినంక వండుత. నువ్వు పొయ్యి ముట్టకు" అని చెప్పేదాన్ని.

"ఎందుకు? నేనేమన్న మంచాన పడ్డనా?"

త్రిపురారంలో బర్రెలు కాసి, నాట్లు వేసి పెరిగిన మనిషి. కూర్చోమంటే కూర్చునే రకం కాదు.

"గ్యాస్ వాసనొస్తే నీకు తెల్వదు కదా."

"నీకు అన్నిట్ల వాసనే. మొన్న గోడ వాసనంటివి, నిన్న చెప్పుల వాసనంటివి. నీ ముక్కుకు ఇగ పనేం లేదు."

నా ముక్కు కాస్త చురుకైనదే, ఆ మాట ఒప్పుకుంటాను. ఇంట్లోకి రాగానే ముందు వంటగదిలోకి వెళ్ళి, అలమార తలుపు తీసి, వంగి వాసన చూడడం నాకు అలవాటైపోయింది. అత్తమ్మకు అది తన మీద కాపలాలా అనిపించేది. మా ఇద్దరి మధ్య సగం పోట్లాటలు అక్కడే మొదలయ్యేవి.

ఓనర్ వచ్చినప్పుడల్లా చెప్పేదాన్ని. "అంకుల్, ఆ కిటికీ తెరిపియ్యుండ్రి. సిలిండర్ బయట పెట్టుకునేటట్టు జర గోడకు తొవ్వ చేపియ్యుండ్రి. మా అత్తమ్మకు వాసన తెల్వదు."

"సూద్దాంలే బిడ్డా. అయినా పొయ్యి మీది, సిలిండర్ మీది, పైపు మీది. గ్యాస్ బుక్కు మీ పేరు మీదనే ఉన్నది. దాంట్ల నాకేం సంబంధం? అద్దం తీపిస్తే బూడిద పడుతుందని మల్ల నువ్వే లొల్లి పెడ్తవ్."

లోపలికొచ్చి గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

అలా ఉండగా ఆమె వచ్చింది. కోదాడ నుంచి బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు ఉద్యోగి. నాకంటే చిన్నదే. ముందు పోర్షన్ చూడడానికి వచ్చిన రోజు నేను పక్క సందులో బట్టలు ఆరేస్తున్నాను. ఆమె హాలు చూడలేదు, బెడ్‌రూమ్ చూడలేదు. తిన్నగా వంటగదిలోకి వెళ్ళింది. అదీ మా దానిలాగే బిగించిన డబ్బా.

"ఇలా మొత్తం మూసేస్తే ఎలాగండి? గ్యాస్ లీకైతే ఎటు పోతుంది?" అనడం తెరిచి ఉన్న తలుపులోంచి నాకు వినబడింది.

ఓనర్ తన పాట అందుకున్నాడు. బూడిద సంగతి, పొయ్యి మీది, సిలిండర్ మీది అన్న సంగతి.

"సిలిండర్ మాదేనండి. గోడ మీది కదా! కిటికీ మీది, బండ మీది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అవి సరిగ్గా ఉండేట్టు చూడాల్సింది మీరే. చేయిస్తే వస్తాం. లేదంటే వేరే ఇల్లు చూసుకుంటామండి."

గొంతు పెంచలేదు. చివర్లో ఆ 'అండి' కూడా మరిచిపోలేదు. నా చేతిలో ఉన్న తడి దిండు గలీబును నేనెంత గట్టిగా పిండానో, నీళ్ళన్నీ నా కాళ్ళ మీదే కారాయి. గోడ మీది. ఇంత చిన్న మాట. ఇన్నేళ్ళుగా ఇది నాకెందుకు తోచలేదు?

'అయితే పోమ్మా, ఇంకెవరన్న వస్తరు' అని ఓనర్ అంటాడని చెవులు రిక్కించి ఎదురుచూశాను. అనాలని కోరుకున్నాను కూడా. ఆయన ఏమన్నాడో తెలుసా? "సరే మేడం."

మేడం! నేను బిడ్డను కాబట్టి నాకు 'సూద్దాంలే'. ఆమె మేడం కాబట్టి 'సరే'.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. వాకిలి ఊడ్చే వంకతో చీపురు పట్టుకుని నేనక్కడక్కడే తిరిగాను. అద్దం తీసేసి, నుసి రాకుండా సన్న జాలీ, తెరుచుకునే రెక్కలు పెట్టారు. గ్యాస్ కిందికి దిగుతుందని ఆమె చెప్పిందట, నేల దగ్గర గోడకు ఇంకో జాలీ పెట్టారు. సిలిండర్‌కు బయట సందులో ఇనుప గూడు. గోడలోంచి నున్నటి గొట్టం, అందులోంచి పైపు. చివరికి గ్యాస్ ఏజెన్సీ మనిషి వచ్చి అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగలు రావడం లేదని చూపించి మరీ వెళ్ళాడు. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

"అంకుల్, మేస్త్రీ ఎట్లాగు గీడనే ఉన్నడు. మాది కూడా చేపియ్యరాదుండ్రి" అని అడిగాను.

"ఒక్కటొక్కటి చేద్దాం బిడ్డా, తొందరేంది?"

మేస్త్రీ తన తాపీ, గమేళా సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఆమె ఇంట్లో దిగుతూ పాలు పొంగించినప్పుడు మమ్మల్నీ పిలిచింది. తలనొప్పి అని చెప్పి నేను వెళ్ళలేదు. అత్తమ్మ వెళ్ళి పొద్దెక్కేదాకా కూర్చుని వచ్చింది. "ఏం వంటిల్లే అది! ఎంత గాలొస్తుందో. ఆ పిల్ల కూడ ఎంత మంచిగ మాట్లాడుతదో" అని సాయంత్రం దాకా అదే ముచ్చట. అప్పట్నుంచి రోజూ అక్కడే. ఆమె ఆఫీసు నుంచి రాగానే ఈవిడ వెళ్ళి ఆ కిటికీ పక్కన స్టూలు వేసుకునేది. ఆమె 'పిన్నిగారూ' అంటే ఈవిడ 'బిడ్డా' అనేది. ఓనర్ నోట ఆ పిలుపు విని విని విసిగిపోయాను కానీ, అత్తమ్మ నోట నాకోసం ఒక్కసారీ వినలేదు. నేనెప్పుడూ 'ఓ పిల్లా', కోపమొస్తే 'ఏమేవ్'. వంటగది పోతే పోయింది, మా అత్తమ్మను కూడా పట్టుకుపోతోందే అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

ఒక రెండో శనివారం. ఆమెకు సెలవు. మా మిల్లుకు ఏ శనివారమైనా ఒకటే. పన్నెండు కావస్తుండగా ఫోన్ మోగింది. ఆమె.

"అక్కా, కంగారుపడకండి. పిన్నిగారు మా ఇంట్లోనే ఉన్నారు, బాగానే ఉన్నారు. మీ వంటింట్లో గ్యాస్ లీకైంది. ఆపేశాను. తలుపులన్నీ తీసిపెట్టాను."

ఆటో ఎక్కింది గుర్తుంది, డబ్బులిచ్చానో లేదో గుర్తులేదు. వెళ్ళేసరికి అత్తమ్మ పక్కింటామె వంటగదిలో, ఆ కిటికీ పక్కన, అదే స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. టీ చీర మీద ఒలికింది, ఆమెకు తెలియనేలేదు. మా పైపు సరిగ్గా ఆ రంధ్రం అంచు దగ్గరే తెగింది. అత్తమ్మ కూర పంపిన గిన్నె తిరిగి ఇద్దామని పక్కింటామె మా వెనక తలుపు దగ్గరకు వచ్చేసరికి వాసన ముఖాన కొట్టిందట. లోపల అత్తమ్మ అగ్గిపెట్టె తెరిచి పుల్ల తీసిందట. పరుగెత్తి ఆ చేయి పట్టుకుందట. అత్తమ్మను బయటికి లాక్కొచ్చి, ఒక్క స్విచ్ కూడా ముట్టుకోకుండా వెళ్ళి రెగ్యులేటర్ ఆపిందట.

ఆమె కాళ్ళ మీద పడాల్సింది నేను. "థ్యాంక్సండీ" అన్నాను, అంతే వచ్చింది నోటికి. నిజంగానే దండం పెట్టుకున్నాను, మనసులో. ఆ దండం పక్కనే ఇంకోటి బుసకొట్టింది. ఇన్నేళ్ళు కాపలా కాసిన ముక్కు నాది, దొంగ దొరికింది ఆమెకు. ఎన్ని సాయంత్రాలు ఆ అలమారలో తల దూర్చాను! ఆ ఒక్క పూటా అక్కడ ఉన్నది ఆమె. అత్తమ్మ ప్రాణం నిలబడ్డందుకు ఏడుస్తున్నానో, నిలబెట్టింది నేను కానందుకు ఏడుస్తున్నానో నాకే అర్థం కాలేదు. సూర్యాపేటలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి ఈ మాటే చెబితే, "ఆమె లేకుంటే ఏమయితుండెనే? ఇప్పుడు కూడ కుళ్ళుకుంటున్నవా? ఫోన్ పెట్టు" అని తిట్టింది.

సాయంత్రం ఓనర్ వచ్చాడు. నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె మాటే దొంగిలించి, ఆమెకంటే గట్టిగా అన్నాను. "సిలిండర్ మాదే అంకుల్. గోడ మీది. బండ మీది. బండకు పడ్డ బొక్క మీది. దాని మీదనే పైపు తెగింది."

ఆయన తెగిన పైపును చూశాడు, రంధ్రాన్ని వేలితో తడిమాడు. ఏదో అనబోయాడు. నా వెనక నిలబడ్డ ఆమె అప్పుడు నోరు విప్పింది. "వీళ్ళది కూడా మాలాగే చేయించండి. ఈ గోడకు అటు పక్క ఉండేది మేమే. చేయించకపోతే మేం ఖాళీ చేస్తామండి."

"సరే మేడం, రేపే చేపిస్త."

నేనన్న మాట గాలిలోనే ఉండిపోయింది. పని మాత్రం జరిగింది. మాకూ కిటికీ వచ్చింది, నేల దగ్గర జాలీ వచ్చింది, సందులో ఆమె గూడు పక్కనే మా సిలిండర్‌కూ గూడు వచ్చింది. జాలీ సన్నదే అయినా కొంచెం నుసి పడుతుంది. పొద్దున్నే గట్టు తుడుచుకుంటాను, నాకేం బాధ లేదు.

కొత్త వంటగది కదా, మళ్ళీ పాలు పొంగించాలని అత్తమ్మ పట్టుబట్టింది. పక్కింటామెను పిలిచింది. ఆమె పొద్దున్నే వచ్చి వాకిట్లో ముగ్గేసింది, నాతోపాటు గిన్నెలు తోమింది, గట్టుకు పసుపు కుంకుమ పెట్టింది. అత్తమ్మ పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, అగ్గిపెట్టె పట్టుకుని ఆగింది. ఆ శనివారం తర్వాత ఎవరైనా వాసన చూసి చెబితే తప్ప ఆమె పుల్ల గీయడం లేదు.

"బిడ్డా, జర వాసన సూడు" అంది.

గుమ్మంలో ఉన్న ఆమె అడుగు ముందుకు వేసింది. నేను అంతకంటే ముందు వెళ్ళాను. పొయ్యి మీదికి వంగి చూశాను, కూర్చుని నేల జాలీ దగ్గర చూశాను, పైపు వచ్చిన చోట చూశాను. పచ్చి సిమెంటు వాసన, పాల వాసన. అంతే.

"ఏం లేదత్తమ్మా. ముట్టియ్యి."

అత్తమ్మ నా భుజం మీదుగా ఆమె వైపు చూసింది. "అవునా బిడ్డా?"

నా చెవులు కాలిపోయాయి. సొంత ఇంట్లో నా ముక్కుకు సాక్షి కావాల్సి వచ్చింది. ఆమె నా ముఖం చూసింది. వెంటనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నాకు జలుబు పిన్నిగారూ. ఏ వాసనా తెలియడం లేదు. అక్క చూసి చెప్పిందిగా, అంతేనండి."

అత్తమ్మ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది. "అయితే నువ్వే ముట్టియ్యి బిడ్డా."

పుల్ల గీశాను. మంట నీలంగా వెలిగింది. పాలు తూర్పు వైపు పొంగాయని అత్తమ్మ సంబరపడింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఆ పిలుపు నాకు వచ్చింది, అది కూడా ఆమె ఇప్పిస్తేనే వచ్చింది. పొద్దుటి నుంచి మాతోనే ఉన్న ఆ మనిషి ఒక్కసారైనా తుమ్మిన పాపాన పోలేదు.