గర్భసంచి ఎవరిది?

మాది రేపల్లె. నిరుడు, ముట్లుడిగిన పదిహేనేళ్లకు మా ఆవిడకు మళ్లీ రక్తం కనబడింది. మా వీధి ఆర్‌ఎంపీ “వేడి చేసింది” అని సబ్జా గింజల నీళ్లు తాగించాడు. తగ్గలేదు. తెనాలి ఆస్పత్రికి తీసుకెళితే స్కాన్ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చిన రోజున డాక్టరుగారు మా ఆవిడను బయట కూర్చోమన్నారు. తలుపు మూసి నాతో గుసగుసగా, “గర్భసంచిలో కేన్సరండి. మొదట్లోనే ఉంది, సంచి తీసేస్తే నయమవుతుంది. ఆమెకు మాత్రం పుండని చెప్పండి” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల గుద్ది, ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచాను.

లేదండి, అరవలేదు. “అలాగేనండి” అని బుద్ధిగా తలూపాను. తలుపుకు చెవి ఆనించి అంతా విని, తోసుకొచ్చి అరిచింది మా ఆవిడ.

“ఏంటి డాక్టరుబాబూ, సంచి నాదైతే మాట ఆయనతోనా? కోత కూడా ఆయనకే పెడతారా?”

“మీరు భయపడతారనండి, మామ్మగారూ.”

“భయమైతే నేను పడతాగా! ముందు చెప్పండి, తీసేస్తే బతుకుతానా?”

ఆయన ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పారు. ఆ వారమే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగానే తిరుగుతోంది.

“పుండంటే, ఈ వయసులో కోతెందుకని ఒప్పుకునేదాన్నే కాదు” అంటుంది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగానే మండుతుంది. భార్య ప్రాణం సంగతి మొగుడి చెవిలో ఊదడమేంటి? ఆ మొగుడు అలాగేననడమేంటి?