నవాబుగారి కారుకు ముఫ్త్ సర్వీసు

నా కష్టమంతా ఒక కాగితంతో మొదలైంది. కొత్త కారుతో పాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితం అది. అయిదు వందల మైళ్ళు తిరగ్గానే బండిని సికింద్రాబాదులోని తమ షెడ్డుకు తేవాలి, ఇంజను నూనె మార్చి, నట్లూ బోల్టులూ బిగించి ఇస్తాం, మొదటి సర్వీసు ఉచితం, తేకపోతే తర్వాత ఏది చెడినా మాకు సంబంధం లేదు అని దాని సారాంశం. ఇందులో ఏడవాల్సిందేముంది అంటారా? నేను నడిపేది పాతబస్తీలో ఒక నవాబుగారి కారు.

అంతకు ముందు ఆయన దేవిడీలో, అంటే ఆ పాత భవంతిలో, గుర్రపు బగ్గీ ఉండేది. గుర్రం కాలు విరిగిన నాడే బగ్గీ తోలే ముసలాయన్ను పంపేశారు. ఆయన ఖాళీ చేసిన గదిలోనే మేం దిగాం. అప్పటికి నా భార్యకు తొమ్మిదో నెల నడుస్తోంది. కారు చెడితే మా గతీ అంతేనని ఎవరూ చెప్పనక్కర్లేదు.

మీటరు నాలుగు వందల ఎనభై చూపించిన రోజు చేతులు కట్టుకుని నవాబుగారికి విషయం చెప్పాను. నౌకర్లతో ఆయన తెలుగులోనే మాట్లాడేవారు.

"ముఫ్త్‌గానా?" అన్నారు పాన్ నమలడం ఆపి. "మా తాత ఈ గల్లీ మొత్తానికి అన్నం పెట్టిండు. ఇప్పుడు మా గాడీకి ఎవడో ఖైరాత్ చేస్తడా, బిచ్చమేస్తడా? పైసలిచ్చి చేయించు. తీసుకోకుంటే అసలే వద్దు."

పైసలిచ్చే చేయిద్దామని, ముందు మాట ఖాయం చేసుకోవడానికి దేవిడీ లెక్కలు రాసే మున్షీగారితో కలిసి యాకుత్‌పురాలో రైలెక్కి కంపెనీకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా పైసలు ముట్టనంటాడు. "మొదటిసారికి బిల్లు రాసే రూలు లేదు సాబ్. నా నౌకరీ పోతది." మున్షీగారు బతిమాలారు, నేను బతిమాలాను. డబ్బు తీసుకో బాబూ అని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళను ఆ గుమాస్తా అంతకు ముందెన్నడూ చూసి ఉండడు. పోనీ బయట ఎవరిచేతైనా చేయిద్దామంటే, వేరేవాళ్ళు చెయ్యేస్తే కాగితం చెల్లదట.

"వాళ్ళకు రూలు, ఈయనకు ఇజ్జత్. నడుమ నువ్వు సస్తున్నవ్ భాయ్" అన్నారు మున్షీగారు తిరుగు రైల్లో.

మీటరు ఆగదు కదా. అయిదు వందలు దాటింది, అయిదున్నర వందలైంది, ఆరు వందలైంది. దిగుడు కనిపిస్తే చాలు, ఇంజను ఆపేసి బండిని దొర్లనిచ్చేవాణ్ణి. మైళ్ళు తగ్గకపోయినా ఇంజనన్నా అరగదని ఆశ. బానెట్టు కింద ఏ చిన్న చప్పుడైనా నా పై ప్రాణాలు పైనే పోయేవి. అన్నం సహించడం మానేసింది.

"ఊకె గిట్ల ఫికర్ జేస్తే ఎట్ల? దేవుడున్నడు" అనేది నా భార్య.

"దేవునికి రథముంది గని కారు లేదు కదనే" అని విసుక్కునేవాణ్ణి. పాపం, ఆమె చేసిన తప్పేముంది?

చివరికి ఒక శుక్రవారం తెగించాను. నవాబుగారు నమాజుకు నడిచే వెళ్తారు, వచ్చి భోంచేసి సాయంత్రం దాకా పడుకుంటారు. ఆయన మసీదు దారి పట్టగానే నేను సికింద్రాబాదు దారి పట్టాను. షెడ్డులో మేస్త్రీ పాత నూనెను పళ్ళెంలోకి వదిలి చూపించాడు. నల్లగా, ఇనుప రజనుతో మెరుస్తోంది. "ఇంకొన్ని దినాలు గిట్లనే నడిపితే ఇంజను ఖతమైతుండె అన్నా" అన్నాడు. ఆ షెడ్డులో నిలబడి సంతోషంతో ఏడ్చేశాను. నవాబుగారు నిద్ర లేచేసరికి బండి మళ్ళీ దేవిడీ గేటు కమాను కింద ఉంది.

ఆ సాయంత్రం షికారుకు వెళ్తుంటే వెనక సీట్లోంచి అన్నారు. "ఇయ్యాల గాడీ మస్తు నడుస్తున్నదే. ఏం చేసినవ్?"

తుడిచిన సర్కార్ అని చెప్పడానికి అబద్ధం సిద్ధంగానే పెట్టుకున్నాను. కానీ అన్ని రోజుల బరువు దిగిన మనిషికి నోరు అదుపులో ఉండదు. "సర్వీసు చేయించిన సర్కార్. ఇంజను బతికింది" అన్నాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను, గాడిదను.

షికారు మాని బండిని ఇంటికి తిప్పమన్నారు. దిగాక ఒకటే అడిగారు. "పైసలు తీసుకున్నరా?"

"లేదు సర్కార్" అన్నాను.

"నీ మీద కోపం లేదు. గాని నిన్ను జూసినప్పుడల్లా నాకు గా ఖైరాతే యాదికొస్తది. రేపు గది ఖాళీ చెయ్యి."

నెలలు నిండిన మనిషి ఉందని మొత్తుకున్నాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగారు.

మర్నాడు నా భార్యను, మూటలను జట్కాలో ఎక్కించి ఉప్పుగూడలోని మా అక్క ఇంటికి బయల్దేరాను. చోటు లేక నేను పక్కన నడుస్తున్నాను. ప్రతి కుదుపుకూ ఆమె పళ్ళు బిగబట్టి కడుపు పట్టుకుంటోంది. వెనక నుంచి హారను మోగింది. నవాబుగారి కారు, కొత్త డ్రైవరు. జట్కావాడు బండిని గోడవారకు తప్పించాడు. ఆ కారు అక్కడే, మా కళ్ళ ముందే చెడిపోయి నిలిచిపోవాలని నేను మొక్కాను. జన్మలో దేన్నీ అంతగా కోరుకోలేదు.

అది చప్పుడైనా చేయకుండా మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.